స్థానిక బస్సు సర్వీసులు: ఛార్జీలు, రాయితీ పాసులు, భవిష్యత్తు

నిర్వచనము, పరిధి

ఒక నగరములోని పేటలను పరస్పరము గాని, ఒక పట్టణమును దాని చుట్టుపట్ల గ్రామములతో గాని కలుపుచు, నిర్ణీతమైన మార్గమున, నిర్ణీతమైన వేళలలో, ప్రభుత్వము అనుమతించిన ఛార్జీకి, ముందుగా సీటు రిజర్వు చేసికొనవలసిన పని లేకుండ ఎవరైనను ఎక్కి దిగుటకు వీలగునట్లు నడుపబడు బస్సు సర్వీసునకు స్థానిక బస్సు సర్వీసని పేరు. హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ మున్నగు నగరములలోని సిటీ బస్సులును, జిల్లాలలో తిరుగు పల్లెవెలుగు బస్సులును, మండల కేంద్రములను జిల్లా కేంద్రములతో కలుపు ఎక్స్‌ప్రెస్ బస్సులలో కొన్నియు ఈ కోవకు చెందును. సూపర్ లగ్జరీ, గరుడ, స్లీపర్ తరగతులు దూరప్రయాణమునకు ఉద్దేశింపబడినవగుటచే ఈ వ్యాసమున చేర్చబడలేదు.

తెలుగు రాష్ట్రములలో ఈ సర్వీసులను ప్రధానముగా నడపుచున్నవి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థయు (ఏపీఎస్ ఆర్టీసీ), తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థయు (టీజీఎస్ ఆర్టీసీ). జనవ్యవహారమున రెంటికిని ఆర్టీసీ యన్నదే పేరు. సొంత బస్సులును అద్దె బస్సులును కలిపి రెండు సంస్థలకును సుమారు 20,000 బస్సులు గలవు. ఛార్జీ, పాసు, ఉచిత ప్రయాణము అను మూడును పత్రికలలోను శాసనసభలలోను వేర్వేరు విషయములుగా చర్చింపబడుట పరిపాటియే గాని, బస్సొక కిలోమీటరు నడచుటకగు వ్యయమును ఎవరు, ఏ రూపమున, ఎప్పుడు చెల్లింతురను ప్రశ్ననుండియే అవి మూడును పుట్టినవగుటచే వానిని కలిపి పరిశీలించుట యుక్తము.

చరిత్ర: నిజాము కాలము

హైదరాబాదు సంస్థానమున 1930లో రైల్వే నిజాము ప్రభుత్వపు స్వాధీనమునకు వచ్చిన పిమ్మట, రైలుమార్గముల వెంబడి పెరుగుచున్న మోటారు బస్సులను కూడ అదే యాజమాన్యము క్రిందికి తెచ్చినచో రెంటికిని పోటీ తప్పునని తలచి, 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్ అండ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్టుమెంటును నెలకొల్పిరి. 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైన ఈ శాఖ, భారతదేశమున ప్రభుత్వము తానే బస్సులు నడపిన తొలి ప్రయత్నములలో ఒకటి. ఆనాడు తెప్పించిన ఆల్బియన్ బస్సులలో 1932 నాటిదొకటి హైదరాబాదులోని ఆర్టీసీ ప్రధాన కార్యాలయమగు బస్ భవన్ ఆవరణమున ప్రదర్శనకుంచబడినది. రెండు రాష్ట్రముల ఆర్టీసీ బస్సుల రిజిస్ట్రేషను సంఖ్యలలో నేటికిని కానవచ్చు ‘జెడ్’ అను అక్షరము, కడపటి నిజాము తన తల్లి జహ్రా బేగము పేర ఉంచినదని ప్రతీతి. ఇది నిజమైనను కాకున్నను, ప్రయాణికుడు సంఖ్యను చూచినంతనే అది ఆర్టీసీ బస్సని గుర్తించుటకు మాత్రము ఈ అక్షరము తొంబది యేండ్లుగా ఉపకరించుచున్నది.

రైలును రోడ్డును ఒక్కటిగా చూచిన ఈ తొలి ఆలోచన తరువాతి కాలమున మరుగుపడినది. 1951 నవంబరు 1న రోడ్డు రవాణా శాఖ రైల్వేనుండి విడివడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వమునకు చెందెను. రైలు, బస్సు, మెట్రో అను మూడింటికిని ఒక్క టిక్కెట్టు చాలునట్లు చేయవలెనని నేడు జరుగుచున్న ప్రయత్నము, ఒక విధముగా, అప్పుడు తెంచిన ముడిని మరల వేయబూనుటయే.

చరిత్ర: జాతీయకరణము

ఆంధ్రప్రదేశ్ అవతరణానంతరము, 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టము ననుసరించి, 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడెను. తెలంగాణమున బస్సులు అప్పటికే ప్రభుత్వమువి. కోస్తా, రాయలసీమ జిల్లాలలో మాత్రము మార్గములు ప్రయివేటు యజమానుల చేతిలో నుండెను. వానిని సంస్థపరము చేయుటకు 1939 మోటారు వాహనముల చట్టమునకు 1956లో చేసిన సవరణ దారి చూపినది. సంస్థ ఒక పథకమును ప్రకటింపవలెను. యజమానులు ఆక్షేపణలు తెలుపవచ్చును. ప్రభుత్వము విచారించి నిర్ణయింపవలెను.

కృష్ణా జిల్లా పథకమునకు వచ్చిన ఆక్షేపణలను రవాణాశాఖ కార్యదర్శి వినగా, నిర్ణయము ముఖ్యమంత్రి చేసెను. గుల్లపల్లి నాగేశ్వరరావు మున్నగు బస్సు యజమానులు సుప్రీంకోర్టుకు పోగా, వినినవారొకరు, తీర్పు చెప్పినవారొకరు అగుట సహజన్యాయమునకు విరుద్ధమని 1958 నవంబరులో న్యాయస్థానము ఆ పథకమును కొట్టివేసినది. బస్సు మార్గముల తగవుగా బయలుదేరిన ఈ వ్యాజ్యము నేటికిని న్యాయ కళాశాలలలో పరిపాలనా న్యాయశాస్త్రపు ప్రథమ పాఠములలో నొకటిగా బోధింపబడుచున్నది. లోపమును దిద్దుకొని ప్రభుత్వము జాతీయకరణమును క్రమముగా కొనసాగించెను. ఒకే యాజమాన్యమున అత్యధిక సంఖ్యలో బస్సులు గల సంస్థగా 1999లో ఏపీఎస్ ఆర్టీసీ గిన్నిస్ రికార్డుల కెక్కినది.

చరిత్ర: విభజన, సమ్మె, విలీనము

2014 జూన్ 2న రాష్ట్రము విభజింపబడగా, మరుసటి యేడు బస్సుల నిర్వహణయు వేరుపడి, 2016 ఏప్రిల్‌లో తెలంగాణ సంస్థ విడిగా ఏర్పడినది. ఆ సంస్థ ఉద్యోగులు, తమను ప్రభుత్వోద్యోగులుగా పరిగణింపవలెనను కోరిక ప్రధానముగా, 2019 అక్టోబరు 5 నుండి 52 దినములు సమ్మె చేసిరి. ఆ నడుమనే 5,100 మార్గములను ప్రయివేటు వారికి విడుచుటకు మంత్రివర్గము తీర్మానించుటయు, హైకోర్టు అందుకు అడ్డు చెప్పకుండుటయు జరిగెను గాని తీర్మానము ఆచరణకు రాలేదు. ఆంధ్రప్రదేశమున 2020 జనవరి 1 నుండి ఆర్టీసీ సిబ్బంది ప్రజారవాణా శాఖ ఉద్యోగులైరి. తెలంగాణమున ఇట్టి విలీనపు బిల్లు 2023 ఆగస్టులో శాసనసభ ఆమోదమును, సెప్టెంబరులో గవర్నరు ఆమోదమును పొందినది. జీతముల భారము ఖజానాకు మారినంతనే బస్సు నడపుటకగు వ్యయము తగ్గదు. అది ఒక పద్దునుండి మరియొక పద్దునకు పోవును. ఛార్జీలను గూర్చిన చర్చలలో తరచుగా విస్మరింపబడు విషయమిది.

2020 మార్చిలో కోవిడ్ వ్యాధి కారణముగా బస్సులు ఆగిపోయినవి. జిల్లా బస్సులు మే నెలలో కదలినను హైదరాబాదు సిటీ బస్సులు సెప్టెంబరు చివరి వరకు డిపోలలోనే యుండెను. ఆ ఆరు మాసములలో ద్విచక్ర వాహనమునకు అలవాటుపడిన ప్రయాణికులందఱును మరల బస్సుకు వచ్చిరని చెప్పుటకు వీలులేదు.

సర్వీసుల తరగతులు

నగరములలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, మెట్రో డీలక్స్ అనునవి ముఖ్యమైన తరగతులు. వీనికి ఏసీ బస్సులు అదనము. ఆర్డినరీ ప్రతి స్టాపునందును ఆగును. ఎక్స్‌ప్రెస్ కొన్నింటిని విడుచును. డీలక్సులో సీట్లు మెరుగు. హైదరాబాదులో సికింద్రాబాదు, మెహదీపట్నముల మధ్య తిరుగు 49ఎం, కోఠి నుండి కొండాపూరునకు పోవు 127కె, విశాఖపట్టణమున భీమిలికి పోవు 900కె వంటి సంఖ్యలు ఆయా పట్టణముల వాసులకు వీధుల పేర్ల వలె కంఠస్థములు.

గ్రామీణ మార్గములలో తిరుగునది పల్లెవెలుగు. అందులో ‘నైట్ హాల్టు’ సర్వీసులు ప్రత్యేకముగా పేర్కొనదగినవి. సాయంకాలము పట్టణమునుండి బయలుదేరిన బస్సు మార్గము చివరి పల్లెలో రాత్రి నిలిచి, డ్రైవరు కండక్టరులు అక్కడనే పండుకొని, తెల్లవారకమున్నే కూలీలను, కూరగాయల గంపలను, కళాశాల విద్యార్థులను ఎక్కించుకొని మరల పట్టణమునకు వచ్చును. ఆదాయ దృష్టితో చూచినచో ఇట్టి మార్గములు చాలవఱకు నష్టమే. ఆ పల్లెకు అదియొక్కటే బస్సగుట కూడ అంతే నిజము.

అద్దె బస్సు మరియొక విధమైనది. బస్సు, డ్రైవరు యజమానివి. కండక్టరు, టిక్కెట్టు, మార్గము సంస్థవి. కిలోమీటరు లెక్కన యజమానికి అద్దె ముట్టును. తెలంగాణమున 2025 మార్చి 8న మండల మహిళా సమాఖ్యలచే బస్సులు కొనిపించి సంస్థకు అద్దెకిచ్చు పద్ధతి ఆరంభమైనది. ఇందు మాత్రము బస్సొక్కింటికి నెలకు 77,220 రూపాయలు అద్దెగా నిర్ణయించిరి.

ఛార్జీ నిర్ణయించు విధము

స్థానిక బస్సు ఛార్జీ స్టేజీల ననుసరించి యుండును. మార్గమును స్టేజీలుగా విభజించి, ప్రయాణికుడు దాటిన స్టేజీలను లెక్కించి టిక్కెట్టు ఇత్తురు. నగరమున స్టేజి సుమారు రెండు కిలోమీటర్లు. కనీస ఛార్జీ, కిలోమీటరు ధర, తరగతి భేదము అను మూడును కలిసి ఛార్జీ పట్టిక ఏర్పడును. మోటారు వాహనముల చట్టము (1988) 67వ సెక్షను క్రింద ఛార్జీలను నిర్దేశించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు గలదు.

ఇచ్చటనే సంస్థకు చిక్కు వచ్చుచున్నది. 1950 చట్టపు 22వ సెక్షను సంస్థ వ్యాపార సూత్రముల ననుసరించి నడువవలెనని చెప్పును. 34వ సెక్షను ప్రభుత్వము దానికి ఆదేశములు ఇయ్యవచ్చునని చెప్పును. వెల నిర్ణయించు స్వేచ్ఛ లేని వ్యాపారికి లాభనష్టముల బాధ్యత మాత్రము ఉన్నట్లయినది. డీజిలు ధర పెరిగిన దినముననే ఛార్జీ పెరుగదు. సంవత్సరముల తరబడి పెంపు వాయిదాపడి, నష్టము పేరుకొనిన పిదప, సాధారణముగా ఎన్నికలు ముగిసిన తరువాత, ఒక్కసారిగా పెద్ద పెంపు వచ్చును. సమ్మె ముగిసిన వెంటనే 2019 డిసెంబరులో తెలంగాణమున కిలోమీటరునకు 20 పైసల పెంపు వచ్చెను. అదే మాసమున ఆంధ్రప్రదేశమున పల్లెవెలుగునకు 10 పైసలు, పై తరగతులకు 20 పైసలు పెంచిరి.

ఇంధనము ధర విషయమున ఆర్టీసీకి విచిత్రమైన అనుభవము కలిగినది. హెచ్చు మొత్తమున కొనువారికి ధర తగ్గుట లోకరీతి. 2013 జనవరిలో కేంద్రము బల్కు కొనుగోలుదారులకు సబ్సిడీ తొలగించుటతో, లక్షల లీటర్లు కొను రవాణా సంస్థకు, బంకులో పది లీటర్లు పోయించుకొను కారు యజమాని కంటె డీజిలు ప్రియమైనది. 2022లో అంతర్జాతీయ ధరలు పెరిగినపుడు ఇదే పరిస్థితి మరల ఏర్పడగా, తమ డిపోలలో సొంత బంకులున్నను ఆర్టీసీ బస్సులు బయటి బంకుల ముందు వరుస కట్టినవి. ఆ యేడు ఏప్రిల్‌లో రెండు సంస్థలును డీజిలు సెస్సును ప్రవేశపెట్టినవి. పల్లెవెలుగునకు 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్సునకు 5 రూపాయలు. కిలోమీటరు లెక్కతో సంబంధము లేక టిక్కెట్టుకింత యని అప్పుడు విధింపబడిన ఈ సెస్సు, దూరము పోవువాని కంటె రెండు స్టేజీలు పోవు కూలివానికి శాతము లెక్కన అధికభారమైనది. అయినను దీనిపై ఆక్షేపణ తక్కువగా వచ్చుటకు కారణము, దానిని ఛార్జీ పెంపని పిలువకపోవుటయే కావచ్చును.

చిల్లర సమస్య చూపునకు అల్పమైనను నిత్యజీవితమున పెద్దది. కండక్టరు టిక్కెట్టు వెనుక బాకీ వ్రాసి యిచ్చుటయు, దిగునపుడు ప్రయాణికుడు మఱచుటయు, మఱవనివాడు కండక్టరుతో వాదమునకు దిగుటయు అందఱెఱిగినవే. 2022 మార్చిలో తెలంగాణ సంస్థ పల్లెవెలుగు ఛార్జీలను అయిదు రూపాయల గుణిజములకు సవరించి, 12 రూపాయలను 10గాను, 13, 14 రూపాయలను 15గాను చేసినది. క్యూఆర్ కోడుతో చెల్లింపులు వచ్చిన మార్గములలో ఈ అవసరము తగ్గుచున్నది.

2025 అక్టోబరు 6 నుండి హైదరాబాదులో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులందు మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగవ స్టేజీనుండి 10 రూపాయలు చొప్పున ఛార్జీలు పెంచిరి. విద్యుత్ బస్సుల కొఱకు కొత్త డిపోలు, ఛార్జింగు స్టేషన్లు నిర్మించుటకు సొమ్ము కావలెనని సంస్థ తెలిపినది. రాబోవు బస్సునకు నేటి ప్రయాణికుడు ముందుగా చెల్లించుట ఇందలి విశేషము.

పాసులు (చూ. రాయితీ ప్రయాణము)

నెలసరి పాసు ప్రయాణికునకు పొదుపును, సంస్థకు నెల ఆరంభముననే చేతికి వచ్చు రొక్కమును సమకూర్చును. కండక్టరునకు ప్రతిదినము టిక్కెట్టు కొట్టు శ్రమ తప్పును. పాసుదారు ఎన్నిసార్లు ఎక్కినను సంస్థకు ఆదాయము పెరుగదు గనుక, పాసు ధర నిర్ణయము అంచనాలపై ఆధారపడిన గణితము. హైదరాబాదు సిటీ ఆర్డినరీ నెల పాసు 2025 జూన్‌లో 1,150 నుండి 1,400 రూపాయలకు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుండి 1,600కు, మెట్రో డీలక్స్ పాసు 1,450 నుండి 1,800కు పెరిగినవి. నెలకు 25 పనిదినములు, దినమునకు రెండు ప్రయాణములు అనుకొన్నచో, ఆర్డినరీ పాసుదారునకు ప్రయాణమొక్కింటికి లోగడ 23 రూపాయలు పడుచుండగా ఇప్పుడు 28 రూపాయలు పడును. టిక్కెట్టు ఇంతకంటె తక్కువైన దగ్గరి దూరమువారికి పాసు లాభింపదు. అక్టోబరు నాటి టిక్కెట్టు పెంపుతో వీరిలో కొందఱకు పాసు మరల లాభకరమైనది. పాసు, టిక్కెట్టు ధరలను వేర్వేరు కాలములలో పెంచుటచే ప్రయాణికులిట్లు అటునిటు ఊగుట సంస్థ ఆదాయపు అంచనాలను కూడ తాఱుమాఱు చేయును.

నెలపాసు కాక, 24 గంటలు నగరమంతయు తిరుగుటకు వీలైన టీ-24 టిక్కెట్టు హైదరాబాదులో గలదు. ఆంధ్రప్రదేశమున అఱువది యేండ్లు నిండిన వారికి ఛార్జీలో 25 శాతము రాయితీ గలదు. దివ్యాంగులకును, పాత్రికేయులకును ప్రత్యేక పాసులు కలవు.

విద్యార్థుల పాసులు వీనిలో మిక్కిలి విస్తృతమైనవి. పదవ తరగతి వఱకు బాలికలకును, పండ్రెండేండ్ల లోపు బాలురకును ఉచిత పాసులు, ఇతరులకు నిర్ణీత మార్గమునకు గాని, నగరమంతటికి గాని రాయితీ పాసులు ఇయ్యబడుచున్నవి. విద్యార్థి చదువుచున్న పాఠశాల లేక కళాశాల ధ్రువీకరింపవలెను; ఏటేట జూన్, జూలై మాసములలో పాసు కౌంటర్ల యెదుట కానవచ్చు బారులకు ఈ ధ్రువీకరణమే కారణము. దరఖాస్తు ఆన్‌లైనులోనికి మారినను బారులు పూర్తిగా మాయము కాలేదు.

విద్యార్థి పాసునకు గల సామాజిక ప్రయోజనమును గూర్చి భిన్నాభిప్రాయము లేదు. ఉన్నత పాఠశాల లేని గ్రామమునుండి పొరుగూరికి పోవు బాలికకు చదువు ఆగుటయో సాగుటయో బస్సుపైననే ఆధారపడిన సందర్భములు కోకొల్లలు. అభిప్రాయభేదమెల్ల ఆ వ్యయమును భరించువారిని గూర్చియే. రాయితీ వలన సంస్థ కోల్పోవు మొత్తమును ప్రభుత్వము బడ్జెటునుండి తిరిగి చెల్లింపవలెను. చెల్లింపు ఆలస్యమైనచో సంస్థ అప్పు తెచ్చి బస్సు నడపును. ఆ అప్పుపై వడ్డీ ఏ పథకపు లెక్కలోను కనబడదు.

మహిళలకు ఉచిత ప్రయాణము

నగర బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణమును 2019 అక్టోబరులో ఢిల్లీ ప్రవేశపెట్టగా, 2021లో పంజాబు, తమిళనాడు, 2023 జూన్‌లో కర్ణాటక అనుసరించినవి. తెలంగాణమున 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకమును ఆరంభించిరి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులందు రాష్ట్ర సరిహద్దుల లోపల మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఉచితముగా ప్రయాణింపవచ్చును. ఆంధ్రప్రదేశమున స్త్రీశక్తి పథకము 2025 ఆగస్టు 15న మొదలైనది. అల్ట్రా పల్లెవెలుగు తరగతి కూడ అందు చేరినది.

పథకము నడచు తీరు సరళము. ప్రయాణికురాలు తన స్థానికతను తెలుపు గుర్తింపు కార్డును చూపవలెను. కండక్టరు యంత్రముపై ‘జీరో టిక్కెట్టు’ ఇచ్చును. ఆ ప్రయాణపు ఛార్జీ విలువ సంస్థ పద్దులలో ప్రభుత్వముపై రావలసిన బాకీగా నమోదగును. అందుచేత ఉచితమైనను టిక్కెట్టు తీసికొనుట తప్పనిసరి. తొందరలో టిక్కెట్టు తీసికొనని ప్రయాణికురాలు తనకు నష్టము లేదనుకొనును గాని, ఆ ప్రయాణమునకు సంస్థకు రావలసినది రాదు.

2025 జూలై నాటికి తెలంగాణమున 200 కోట్ల ఉచిత ప్రయాణములు జరిగినవనియు, వాని విలువ 6,680 కోట్ల రూపాయలనియు ప్రభుత్వము ప్రకటించినది. సగటున ప్రయాణమొక్కింటికి 33 రూపాయల పైచిలుకు. ఈ సగటు సిటీ ఆర్డినరీ కనీస ఛార్జీకి ఎంతో హెచ్చగుటనుబట్టి, పథకపు లబ్ధి నగరపు కొద్దిదూరపు ప్రయాణములకే గాక జిల్లాలలోని దూరప్రయాణములకు కూడ విశేషముగా చేరుచున్నదని ఊహింపవచ్చును.

ఫలితములు పలువిధములు. సంతలకు, ఆసుపత్రులకు, పుణ్యక్షేత్రములకు పోవు స్త్రీల సంఖ్య ప్రస్ఫుటముగా పెరిగినది. ఇండ్లలో పనిచేయువారు, దుకాణములలో పనిచేయువారు దూరపు పేటలలో హెచ్చు జీతపు కొలువులు వెదకుకొన గలిగిరి. మరియొక వైపున బస్సుల సంఖ్య ప్రయాణికుల సంఖ్యతో సమానముగా పెరుగలేదు గనుక క్రిక్కిఱిసిన బస్సులు, ఫుట్‌బోర్డుపై వ్రేలాడు విద్యార్థులు, సీటు దొరకని వృద్ధులు నిత్యదృశ్యములైనవి. ఆటో డ్రైవర్లు తమ ఆదాయము పడిపోయినదని ఆందోళనము చేసిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 అక్టోబరు 4న అర్హులైన ఆటో, క్యాబ్ డ్రైవర్లకు 15,000 రూపాయల చొప్పున సహాయము పంపిణీ చేసినది. ఒక సబ్సిడీ మరియొక సబ్సిడీని పుట్టించుటకు ఇది ఉదాహరణము.

అంతగా చర్చింపబడని పరిణామము పాసుల విషయమున కలిగినది. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ పాసులు కొనుచుండిన స్త్రీలకు వాని అవసరము తీరిపోవుటచే, ఆ పాసులు ఇపుడు దాదాపుగా పురుషులవియు, బాలురవియు అయినవి. 2025 జూన్ నాటి పెంపు ప్రధానముగా వారిపైననే పడినది. డీలక్స్ తరగతికి ఉచితము వర్తింపదు గనుక అందలి పెంపు మాత్రమే ఉభయులకును సమానము. ఛార్జీ చెల్లించు ప్రయాణికుల వర్గము ఇట్లు చిన్నదగుకొలది, ఛార్జీ పెంచుటవలన సంస్థకు వచ్చు ఆదాయము తగ్గి, ప్రభుత్వపు చెల్లింపు సకాలమున వచ్చుటపై ఆధారపడుట పెరుగును. ఉచిత పథకము మంచిదా చెడ్డదా యను వాదముకంటె ఈ విషయమే సంస్థల భవిష్యత్తునకు నిర్ణాయకమని తోచుచున్నది.

నష్టములను కొలుచు విధము

సంస్థ పనితీరును ఆక్యుపెన్సీ రేషియో (సీట్లు నిండిన శాతము), కిలోమీటరునకు ఆదాయము, కిలోమీటరునకు వ్యయము, లీటరునకు కిలోమీటర్లు అను కొలతలతో గణింతురు. డిపో మేనేజరు ప్రతి ఉదయమును ఈ అంకెలతోనే ఆరంభించును. సిటీ బస్సులు మామూలుగా నష్టము తెచ్చునవి: ఉదయము ఒక దిక్కునకు నిండుగా పోయిన బస్సు తిరుగు ప్రయాణమున ఖాళీగా వచ్చును, ట్రాఫిక్కులో నిలిచిన గంటలకు జీతము, డీజిలు ఖర్చగును గాని కిలోమీటర్లు పెరుగవు. ఈ నష్టమును నగరపాలక సంస్థ భరింపవలెనా యను ప్రశ్న హైదరాబాదున చాలకాలముగా గలదు. ఆ నగరపాలక సంస్థయగు జీహెచ్ఎంసీ ఆర్టీసీకి ఇయ్యవలసిన సొమ్మును గూర్చి 2019 సమ్మె కాలమున హైకోర్టులో వాదోపవాదములు జరిగినవి. రహదారి నగరపాలక సంస్థది, బస్సు రాష్ట్ర సంస్థది, పోలీసులు హోంశాఖ వారు. బస్సు వేగమును పెంచు అధికారము వీరిలో ఏ ఒక్కరికిని పూర్తిగా లేదు.

విశాఖపట్టణమున పెందుర్తి, సింహాచలము మార్గములలోను, విజయవాడలోను బస్సులకు ప్రత్యేకమైన దారులు గల బీఆర్‌టీఎస్ రోడ్లను నిర్మించిరి. రోడ్లు వెడల్పైనవి. బస్సులకే యని కేటాయించిన దారి యను ముఖ్యోద్దేశము మాత్రము ఆచరణలో పలుచబడినది.

విద్యుత్ బస్సులు (చూ. స్థూలవ్యయ ఒప్పందములు)

హైదరాబాదులో 2019 మార్చిలో 40 విద్యుత్ బస్సులు విమానాశ్రయ మార్గములలో మొదలైనవి. తిరుమల ఘాటు రోడ్డుపై ఏపీఎస్ ఆర్టీసీ విద్యుత్ బస్సులు 2022 సెప్టెంబరులో ఆరంభమైనవి. హుస్సేన్‌సాగరము చుట్టును నగరాభివృద్ధి సంస్థయగు హెచ్ఎండీఏ వారు 2023లో విద్యుత్ డబుల్ డెక్కరులను నడపిరి. నిజాము కాలమునుండి వచ్చిన డీజిలు డబుల్ డెక్కరులు అంతకు రెండు దశాబ్దుల ముందే నిలిచిపోయినవి. కరీంనగరమున 2024లో విద్యుత్ బస్సులు ప్రవేశించినవి. కేంద్రము 2023 ఆగస్టున 10,000 బస్సుల లక్ష్యముతో పీఎం ఈ-బస్ సేవా పథకమును ఆమోదించినది. 2025లో మరియొక కేంద్ర పథకమగు పీఎం ఈ-డ్రైవ్ క్రింద అయిదు నగరములకు కేటాయించిన 10,900 బస్సులలో హైదరాబాదు వాటా 2,000.

ఈ బస్సులలో హెచ్చుభాగము సంస్థ సొంతము కావు. తయారీదారు లేక అతని అనుబంధ సంస్థ బస్సును కొని, డ్రైవరును నియమించి, మరమ్మతులు చేయును; ఆర్టీసీ కండక్టరును పెట్టి టిక్కెట్టు సొమ్ము తీసికొని, కిలోమీటరునకు ఒప్పుకొన్న ధర చెల్లించును. దినమునకు ఇన్ని కిలోమీటర్లని ఒప్పందమున హామీ ఉండును గనుక బస్సు నిండినను నిండకున్నను ఆ కిలోమీటర్లకు సొమ్ము చెల్లింపక తప్పదు. సొంత డీజిలు బస్సును రద్దీ లేని వేళ డిపోలో నిలిపి సంస్థ ఖర్చు తగ్గించుకొనుచుండెను. ఒప్పందపు బస్సుతో ఆ వెసులుబాటు సన్నగిల్లును. పదియేండ్లకు పైబడిన ఇట్టి ఒప్పందములు, నెలనెల చెల్లింపవలసిన నికరమైన బాకీలు; ప్రభుత్వమునుండి రావలసిన రాయితీ సొమ్ము మాత్రము అంత నికరముగా రాదు. ఉద్యోగ సంఘములు ఈ పద్ధతిని పరోక్షమైన ప్రయివేటీకరణముగా విమర్శించుచున్నవి. ఒక్కసారిగా పెట్టుబడి పెట్టు శక్తి లేని సంస్థకు ఇది తప్ప దారి లేదని యాజమాన్యముల వాదము.

పోటీ, అనుసంధానము

బస్సునకు పోటీ పూర్వము సెవెన్ సీటరు ఆటోలు, జీపులు. నేడు షేర్ ఆటోలు, బైకు ట్యాక్సీలు, 2017 నవంబరు నుండి హైదరాబాదు మెట్రో. మెట్రో స్టేషనునకు చేర్చు చిన్న బస్సులు, బస్సు రాకను ఫోనులో చూపు ‘గమ్యం’ యాప్ (2023), అన్ని రవాణా సాధనములకు చెల్లునట్లు 2019లో కేంద్రము ప్రవేశపెట్టిన జాతీయ ఉమ్మడి మొబిలిటీ కార్డు అనుసంధానమునకు సాధనములుగా తలచబడుచున్నవి. యాప్ చూపు వేళకును బస్సు వచ్చు వేళకును పొంతన కుదిరినపుడే వీనికి విలువ కలుగును. మహిళలకు గుర్తింపు కార్డు బదులు స్మార్టు కార్డు ఇచ్చు ఆలోచన నెఱవేఱినచో, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుదురో నిక్కముగా తెలిసి, మార్గములను తిరిగి కూర్చుటకు వీలగును. ఇప్పటి జీరో టిక్కెట్టు విలువను చూపునే గాని అలవాటును చూపదు.

గ్రామీణ సర్వీసుల విషయమున చిక్కు వేరు. విద్యుత్ బస్సు రాత్రివేళ డిపోలో ఛార్జింగునకు నిలువవలెను; నైట్ హాల్టు బస్సు రాత్రివేళ పల్లెలో నిలువవలెను. మార్గము చివరి గ్రామములలో ఛార్జింగు సౌకర్యము కల్పించుట నేటి పథకములలో లేదు. కల్పించినను ఒక్క బస్సు కొఱకు అంతటి వ్యయము సమర్థనీయమగునా యను ప్రశ్న వచ్చును. కనుక నగరములనుండి తొలగింపబడు డీజిలు బస్సులు కొంతకాలము ఈ మార్గములకు మరలింపబడవచ్చును. అవియు పాతబడి మూలకు చేరునాటికి, బస్సు పల్లెలో నిద్రించుటకు బదులు తెల్లవారుజామున డిపోనుండి ఖాళీగా పల్లెకు పోయి రావలసివచ్చును. ఆ ఖాళీ కిలోమీటర్ల ధరను చెల్లించుటకు ఒప్పందములందు గాని, రాయితీ పద్దులందు గాని ఇప్పటికి చోటు లేదు.